ఇరవై మూడో గడప

గోగులమెరక,
ముమ్మిడివరం దగ్గర.
10 ఫిబ్రవరి 2025

హేమకు,

నువ్వు పంపిన కట్ట శుక్రవారం అందింది. నాలుగు అధ్యాయాలు, నూట పన్నెండు కాగితాలు. పైన నువ్వు వేసిన అంకెతో సరిపోయింది. ఇక్కడ అన్నీ బాగానే ఉన్నాయి, నా ఎడమ మోకాలు తప్ప.

ముందుగా ఒక నియమం. నీ నవల గురించి ఫోన్లో మాట్లాడవద్దు. ఫోన్లో నేను అరుస్తాను, నువ్వు "ఆయ్, సరేనండి మామ్మగారూ" అంటావు, ఆ తరువాత నీకు తోచినట్టే రాస్తావు. కాగితం మీద అయితే ఎవరు ఏమన్నారో నిలిచి ఉంటుంది. ముప్పై నాలుగేళ్ళు బడిలో ఎర్ర సిరాతో దిద్దినదాన్ని. మనవరాలివని మార్కులు కలపను.

కథ అర్థమైంది. ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్న రోజులు. గోదావరి పాయ ఒడ్డున ఒక ఊరు. ఆ ఊరి అమ్మవారు ఏటిగట్టమ్మ మనుషుల మధ్య తిరుగుతూ ఉంటుంది. పడవలో ఒక మిషనరీ దొర దిగుతాడు. ఆయన వెనకే ఎవరికీ కనపడని దేవదూత కూడా దిగుతాడు. ఊళ్ళో ఒక ఇల్లు బాప్తిస్మం తీసుకున్నప్పుడల్లా అమ్మవారి ఎత్తు ఒక అంగుళం తగ్గుతుంది. ఊహ బాగుంది. దేవతల్ని నవల్లో నడిపించడం మీద నాకు అభ్యంతరం లేదు. అయితే ఊహకి కూడా లెక్క ఉండాలి. మొదటి పేజీలో అమ్మవారు తొమ్మిది అడుగులు, అంటే నూట ఎనిమిది అంగుళాలు. నాలుగో అధ్యాయం చివరికి పధ్నాలుగు ఇళ్ళు వెళ్ళిపోయాయి. మిగిలేది తొంభై నాలుగు, అంటే ఏడు అడుగుల పది అంగుళాలు. నువ్వు "ఎనిమిదిన్నర అడుగుల అమ్మ" అని రాశావు. ఆ ఎనిమిది అంగుళాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

12వ పేజీలో రైతులు టీ తాగుతున్నారు. ఆ రోజుల్లో మన పల్లెల్లో టీ లేదు. 40వ పేజీలో పోటు సమయంలో పడవ ఎగువకు పోవడానికి నలుగురు చెమటలు కక్కుతున్నారు. పోటు వచ్చినప్పుడు నీరే పడవని ఎగువకు తోస్తుంది. ఇది మన లంకల్లో పదేళ్ళ పిల్లకి తెలుసు, నీకూ తెలియాలి. దేవదూత తడిసిన రెక్కలు ఇసుక తిన్నె మీద ఆరబెట్టుకోవడం బాగుంది. అది మార్చవద్దు.

ముందు ముందు గరగల గురించి రాస్తావనుకుంటాను. పట్నంలో చదివేవాళ్ళకి గరగ అంటే తెలియదు. అమ్మవారి పేరున అలంకరించిన కలశాన్ని తలకెత్తుకుని, డప్పులతో ఇంటింటికీ తీసుకెళ్తారనీ, ప్రతి గడప ముందూ ఆపుతారనీ, ఆ ఇంటి ఆడమనిషి గరగ ఎత్తినవాడి కాళ్ళ మీద పసుపునీళ్ళు పోస్తుందనీ ముందే చెప్పు. ఆ తరువాత కథ నడిపించు.

మన ముత్యాలమ్మ జాతర ఈసారి ఏప్రిల్ 15, మంగళవారం. గరగలు ఏ ఇంటి తరువాత ఏ ఇంటికి వెళ్ళాలో ఆ జాబితా ఎప్పటిలాగే నేనే రాయాలి. రెండు వీధులవాళ్ళూ మా ఇంటికి ముందంటే మా ఇంటికి ముందని కొట్టుకున్న ఏడు, 1979లో, ఆ పని నాకు అప్పగించారు. ఇంకా వదల్లేదు.

మిగతా అధ్యాయాలు పంపు.

మామ్మ

*

హైదరాబాద్
20 ఫిబ్రవరి 2025

మామ్మగారికి,

ఎర్ర సిరా చూసి ఆఫీసులో పక్క సీటు అమ్మాయి "ఎవరికైనా ఏమైనా అయ్యిందా?" అని కంగారు పడింది. మా మామ్మగారు అని చెప్పాక ఇంకా కంగారు పడింది.

టీ తీసేసి తరవాణి పెట్టాను. పడవ పోటు మీద హాయిగా పోతోంది. అమ్మవారిని కొలిచి మళ్ళీ రాశాను, ఒక్కో ఇంటికి ఒక్కో అంగుళం. ఇప్పుడు నా టేబులు మీద ఒక కాగితం ఉంది, అందులో ఏ అధ్యాయంలో ఎన్ని ఇళ్ళో, ఎంత ఎత్తో రాసుకున్నాను. మీ రక్తమే.

ఐదు నుంచి తొమ్మిది వరకు పంపుతున్నాను. ప్రచురణకర్త ఏప్రిల్ నెలాఖరుకి పూర్తి ప్రతి అడుగుతున్నారు. ఆయన ఈ పుస్తకం ఒప్పుకున్నదే తొమ్మిదో అధ్యాయం చదివి. అందుకని అది కాస్త జాగ్రత్తగా చూడండి. కూతురు పోయిన మంగ అనే ఆవిడ కాలవలో బాప్తిస్మం తీసుకుంటుంది. ఆ ఊళ్ళో అలా వెళ్ళిన ఇళ్ళలో ఆవిడది ఇరవై మూడోది. తరువాత జాతరకి గరగ వస్తుంది. మతం మారిన ఇళ్ళ ముందు కూడా ఆగే గరగ, మంగ ఇంటి ముందు మాత్రం ఆగదు. ఏటిగట్టమ్మకి ఆవిడ మీద కోపం. మంగ చెంబుతో గుమ్మంలో అలాగే నిలబడిపోతుంది. అప్పటికి అమ్మవారి ఎత్తు ఎనభై ఐదు అంగుళాలు. ఈసారి లెక్క తప్పలేదు.

క్రైస్తవం సంగతులు తప్పుగా రాయకూడదని వరహాలు చిన్నమామ్మగారికి క్రిస్మస్ నాడు ఫోన్ చేసి గంటసేపు మాట్లాడాను. ఆవిడ చాలా చెప్పేరు. మీ గురించి కూడా అడిగేరు. మీరిద్దరూ ఒకే వీధిలో ఉండి నన్ను అడగడమేమిటో!

మోకాలికి నూనె రాయించుకుంటున్నారా?

మీ హేమ

*

గోగులమెరక
3 మార్చి 2025

హేమకు,

ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది దిద్ది పంపుతున్నాను. తొమ్మిది పంపడం లేదు. అది నా దగ్గరే ఉంటుంది.

ఆ అధ్యాయం పుస్తకంలో ఉండకూడదు. ఎందుకో నీకు తెలుసు. తెలియనట్టు రాయడం ఇంకా తప్పు.

వరహాలు నీకు గంటసేపు ఏం చెప్పిందో ఉన్నది ఉన్నట్టు రాయి.

మామ్మ

*

హైదరాబాద్
10 మార్చి 2025

మామ్మగారికి,

మీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎందుకో నాకు నిజంగా తెలియదు. అందుకని నాకు తోచింది రాస్తున్నాను, కోపం తెచ్చుకోవద్దు.

అమ్మవారికి కోపం వచ్చినట్టు రాయడం అపచారం అనిపించిందా? మొదటి ఉత్తరంలో అభ్యంతరం లేదన్నారు. లేక మంగ క్రైస్తవురాలై కూడా మంచి మనిషిగా ఉండటం మీకు నచ్చలేదా? అదైతే నేను మార్చలేను. ఊరి పిల్లలందరినీ ఒకే వరసలో కూర్చోబెట్టి, ఎవరు ఏ ఇంటి నుంచి వచ్చేరో బడిలో అడగొద్దని మాకు నేర్పింది మీరే. ఆ మామ్మగారికీ, ఈ ఉత్తరం రాసిన మామ్మగారికీ పొంతన కుదరడం లేదు.

చిన్నమామ్మగారు చెప్పినది ఇది. జనవరిలో పొద్దున్నే కాలవ నీళ్ళు ఎంత చల్లగా ఉన్నాయో. మునిగి లేచాక ఎవరో దుప్పటి కప్పేరని. పాస్టరుగారి భార్య ఆ ముందు మూడు నెలలు రోజూ ఇంటికొచ్చి ఆవిడకి తల దువ్వి జడ వేసేవారని. అంతే. మీ మీద ఒక్క మాట కూడా అనలేదు, అదే కదా మీ అనుమానం?

నా దగ్గర కంప్యూటర్లో తొమ్మిదో అధ్యాయం ఉంది మామ్మగారూ. మీరు కాగితం ఉంచుకున్నా అది అచ్చవుతుంది. దిద్ది పంపితే తప్పులు లేకుండా అచ్చవుతుంది.

హేమ

*

గోగులమెరక
18 మార్చి 2025

హేమకు,

"అదే కదా మీ అనుమానం" అని రాశావు. అదే. కాబట్టి పొంతన కుదిరేటట్టు చెబుతాను.

సాకులు చెప్పుకోవాలంటే నాకు బడి ఉంది, ఇల్లు ఉంది, మీ తాతగారి మాట ఉంది. 1986 వరదల తరువాత వరహాలు కూతురు దుర్గ జ్వరంతో పోయింది. నాలుగేళ్ళ పిల్ల. నేను పెద్ద తోటికోడల్ని, నాలుగు ఇళ్ళ అవతల ఉన్నాను. పదకొండు రోజులూ అయ్యాక బడికి వెళ్ళిపోయాను. ఆ మూడు నెలల్లో నేను ఆ గడప తొక్కింది రెండుసార్లు. జడ వేసిన మనిషి ఎవరో నువ్వే రాశావు. వేయవలసిన మనిషిని నేను.

జనవరిలో ఆవిడ బాప్తిస్మం తీసుకుంటే ఊరంతా నన్ను అడిగింది. "ఏమండీ టీచరుగారూ, మీ ఇంట్లోనేనా?" అని. మన ఊళ్ళో అంతకుముందు కూడా కొన్ని ఇళ్ళు చర్చికి వెళ్ళేవి. గరగ ఆ ఇళ్ళ ముందూ ఆగేది, ఇప్పటికీ ఆగుతుంది. ఇష్టమున్నవాళ్ళు నీళ్ళు పోస్తారు, లేనివాళ్ళు తలుపు దగ్గర నిలబడి చూస్తారు. అది మన ఊరి పద్ధతి. ఆ మార్చిలో జాబితా రాసేటప్పుడు నేను ఇరవై రెండు అప్పలస్వామి అని రాసి, తరువాత ఇరవై నాలుగు రాశాను. ఇరవై మూడు వరహాలుది. తరువాతి ఏడు జాబితా ముందటి ఏడు జాబితా చూసి రాయడమే కదా. ఒకసారి పోయిన పేరు తనంతట తాను తిరిగి రాదు. 1987 నుంచి నిరుటి వరకు, కరోనా రెండేళ్ళు తీసేస్తే, ముప్పై ఆరు జాతరలు.

నేను కావాలనే వదిలేశానన్న సంగతి నాకూ వరహాలుకీ తప్ప ఎవరికీ తెలియదు. నీ నవల్లో కూతురు పోయింది, కాలవ ఉంది, గరగ ఆగలేదు, ఇరవై మూడు అనే అంకె కూడా ఉంది. ఎవరూ చెప్పకుండా నీకు ఎలా వచ్చాయి?

నిన్న నేరుగా వెళ్ళి అడిగాను. అరుగు మీద చింతపండులో గింజలు తీస్తోంది.

"హేమకి ఏం చెప్పేవు?" అన్నాను.

"చలి గురించి చెప్పేనక్కా. పిల్ల నవల రాస్తోందట కదా. కూర్చో."

నేను కూర్చోలేదు. "గరగ గురించి ఏం చెప్పేవు?"

"చెప్పడానికేముంది, మా ఇంటికి రాదు కదా."

"ఎందుకు రాదో చెప్పేవా?"

గింజ తీయడం ఆపి నా వంక చూసింది. "అది నాకూ అమ్మవారికీ మధ్య సంగతి. పిల్లకెందుకు చెప్తానక్కా?"

నా మొహం మీద అనడం ఇష్టం లేక అమ్మవారి మీదికి తోసింది. అంత మర్యాద నాకు అక్కర్లేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ అధ్యాయం అచ్చయితే ఈ ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ నా పేరు తెలుస్తుంది. వరహాలుని కూడా మళ్ళీ గుమ్మంలో నిలబెట్టినట్టవుతుంది. అది నువ్వు చేయవద్దు.

మామ్మ

*

హైదరాబాద్
24 మార్చి 2025

మామ్మగారికి,

నాకు ఎవరూ చెప్పలేదు. చెప్పింది మీ జాబితానే.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు జాతరకి వచ్చాను. గుడి గోడకి అతికించిన కాగితం మీ చేతిరాత. మీరు ఎక్కాలు నేర్పుతున్న రోజులు, అందుకని అంకెలు వేలుతో తాకుతూ చదివాను. ఇరవై రెండు తరువాత ఇరవై నాలుగు ఉంది. మామ్మగారి లెక్క తప్పదు కదా అని నాకు పెద్ద ఆశ్చర్యం. మిమ్మల్ని అడిగితే "పెద్దవాళ్ళ కాగితాల్లో వేళ్ళు పెట్టకు" అన్నారు. ఆ అంకె అలా ఉండిపోయింది.

అదే రోజు గరగ వెనక నడిచాను. చిన్నమామ్మగారి ఇంటి ముందు ఆగలేదు. ఆవిడ గేటు లోపల చెంబు పట్టుకుని ఉన్నారు. గరగ వెళ్ళిపోయాక ఆ నీళ్ళు కనకాంబరాల మొదట్లో పోసేసేరు. నేను వెళ్ళి ఎందుకు రాలేదని అడిగాను. "అమ్మవారికి నా మీద కోపమేలే" అన్నారు. నవ్వుతూనే అన్నారు.

తొమ్మిదో అధ్యాయం అంతా ఆ ఒక్క మాట మామ్మగారూ. దేవతకి కోపం వస్తే ఎలా ఉంటుందో ఊహించి రాశాను. కూతురు పోవడం మాత్రం చిన్నమామ్మగారి జీవితంలోదే. అడక్కుండా వాడుకున్నాను. అది నా తప్పు.

ఇంకొక మాట. మీకు తోచలేదా? ఎనిమిదేళ్ళ పిల్లతో ఆవిడ అబద్ధం చెప్పవలసిన పని లేదు. మొన్న మీతోనూ అదే అన్నారు. ఆవిడ గుడికి రారు, ఆ జాబితా ఎప్పుడూ చూసి ఉండరు. ఆవిడకి తెలియదు మామ్మగారూ. ఇన్నేళ్ళూ అమ్మవారే రావడం లేదనుకుంటున్నారు.

మొన్నటి ఉత్తరంలో గట్టిగా రాసినందుకు ఏమీ అనుకోకండి. తొమ్మిదో అధ్యాయం తీసేయమంటే తీసేస్తాను. ఆ తరువాత పుస్తకం ఉంటుందో ఉండదో ప్రచురణకర్త ఇష్టం.

హేమ

*

గోగులమెరక
4 ఏప్రిల్ 2025

హేమకు,

నీ ఉత్తరం 28న అందింది. వెంటనే జవాబు రాయలేదు. నేను ఉత్తరానికి వారం ఆగడం ఇదే మొదలు.

నిన్న మధ్యాహ్నం వరహాలు ఇంటికి వెళ్ళాను. ఈసారి కూర్చున్నాను. 1987 జాబితా నా పెట్టెలో ఉంది, అది తీసుకెళ్ళి ఆవిడ ముందు పెట్టాను. పెళ్ళైనప్పుడు ఆవిడకి చదువు రాదు, తరువాత బైబిలు చదవడం కోసం చర్చిలో నేర్చుకుంది. వేలు పెట్టి పై నుంచి చదువుకుంటూ వచ్చింది. అప్పలస్వామి దగ్గర ఆగింది.

"తరువాత నేనుండాలి కదక్కా?"

"ఉండాలి. నేను తీసేశాను. నీ మీద కోపంతో తీసేశాను. అమ్మవారికి దీంతో ఏ సంబంధమూ లేదు."

కాగితం మడత పెట్టి నా చేతికి తిరిగిచ్చింది. తరువాత చెప్పింది, నాకు తెలియనిది. దుర్గకి జ్వరం వచ్చినప్పుడు ముత్యాలమ్మకి మొక్కుకుందట. పిల్ల లేచి తిరిగితే మూడేళ్ళు జాతరలో గరగ వెంట చెప్పుల్లేకుండా నడుస్తానని. పిల్ల పోయింది. మొక్కు వదిలేసి బాప్తిస్మం తీసుకుంది. ఆ ఏడు గరగ పక్కింటి ముందు ఆగి, తన ఇల్లు దాటి పోయింది. మొక్కు ఎగ్గొట్టినందుకే అనుకుందట.

"ప్రతి ఏడూ జాతర ముందు ఆదివారం ప్రార్థనలో ప్రభువుకి చెప్పుకునేదాన్నక్కా. నేను నీ దాన్నే గాని, ఆవిడకి నా మీద కోపం పోయేటట్టు చూడు అని. పాస్టరుగారికి తెలిస్తే ఏమనుకుంటారోనని పైకి అనలేదు."

ఈసారి జాబితాలో ఇరవై మూడు రాస్తానన్నాను.

"రాయొద్దు. నేను ఆలోచించుకోవాలి" అంది. లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. చింతపండు బుట్ట అరుగు మీదే వదిలేసింది. కాకులు రాకుండా చేటతో మూసి వచ్చాను.

కాబట్టి ఇప్పటికి జాబితా పూర్తి కాలేదు. జాతర పదకొండు రోజులుంది. నీ అధ్యాయం తీయవద్దు, అచ్చుకీ ఇవ్వవద్దు. ఆగు.

మామ్మ

*

హైదరాబాద్
9 ఏప్రిల్ 2025

మామ్మగారికి,

ఆగాను. ప్రచురణకర్తతో 30 వరకు ఏమీ అడగొద్దని చెప్పాను. ఆయన "మీ మామ్మగారు మా సంపాదకుడి కంటే గట్టిగా ఉన్నారే" అన్నారు.

ఒకటి అడగనా? చిన్నమామ్మగారు వద్దంటే ఏం చేస్తారు? ఆవిడ ఇప్పుడు క్రైస్తవురాలు. గరగ తన ఇంటి ముందు ఆగడం ఆవిడకి నిజంగా ఇష్టం లేకపోవచ్చు. మీ తప్పు దిద్దుకోవడానికి ఆవిడ తలుపు తీయాలనేమీ లేదు కదా.

ఇది నవల కోసం అడగడం లేదు.

హేమ

*

గోగులమెరక
16 ఏప్రిల్ 2025

హేమకు,

నీ ప్రశ్న సరైనది. నేనూ అదే అనుకున్నాను. వద్దంటే వద్దు. వరహాలు రాయొద్దంది కనుక జాబితాలో ఇరవై మూడు అని అంకె మాత్రం వేసి, పేరు రాయకుండా, పక్కన "ఈ ఇంటిని 1987లో తొలగించినది కె. కనకమహాలక్ష్మి" అని నా పేరే రాసి గుడి గోడకి అతికిద్దామని నిర్ణయించుకున్నాను. గరగ ఆగినా ఆగకపోయినా ఎవరి వల్లనో ఊరికి తెలియాలి. అదే చేశాను. అప్పలస్వామి చదివి, "ఎందుకండీ టీచరుగారూ, ఎవరడిగేరని?" అన్నాడు. అడగకపోవడమే తప్పన్నాను.

గరగ ఎత్తే తాతాజీని పిలిచి కూడా చెప్పాను. అతనికి అరవై ఆరేళ్ళు. 1987 నుంచి నిరుటి దాకా ఆ కలశం ఎత్తినది అతనే. తలగోక్కున్నాడు.

"నాకు తెలుసండి. లిస్టులో లేదు కదా, అందుకని ఆగలేదండి. కాని నెమ్మదిగా నడవొద్దని మీరు రాయలేదు కదండీ. ఆ ఇంటి ముందు ఎప్పుడూ అడుగు తగ్గించేవోణ్ణి. ఆయమ్మ చెంబు పట్టుకుని ఉండేది."

ఈసారి ఆ గేటు దగ్గర ఆగాలో వద్దో వరహాలే చెబుతుందన్నాను.

సోమవారం సాయంత్రం వరహాలే మన ఇంటికి వచ్చింది. పెరటి వైపు నుంచి కాదు, వీధి వైపు నుంచి. లోపలికి రాగానే చెప్పింది.

"నేను ప్రభువు బిడ్డనక్కా. బొట్టు పెట్టించుకోను, కొబ్బరికాయ ఇవ్వను, హారతి తీసుకోను, పసుపూ కలపను. అది చెప్పడానికొచ్చేను."

"సరే. అయితే గరగ ఆగనక్కర్లేదు" అన్నాను.

"ఆగాలి. తాతాజీ పొద్దున్నుంచి తారు రోడ్డు మీద వట్టి కాళ్ళతో నడుస్తాడు. మంచినీళ్ళు పోస్తాను. మా ప్రభువు కూడా శిష్యుల కాళ్ళు కడిగేడు. ఇది ఈస్టరు ముందు శ్రమల వారం, చర్చిలో అదే వాక్యం చదువుతున్నారు. పాస్టరుగారిని అడిగే వచ్చేను. దప్పికైనవాడికి నీళ్ళివ్వడానికి నన్నడగాలా అన్నారు."

"మరి నేను?" అని అడిగాను. అడగకూడదనుకున్నాను గాని నోరు జారింది.

"నీ సంగతి ఇంకా ఆలోచిస్తున్నానక్కా. ముప్పై ఆరు జాతరలన్నావు కదా. ఒక్క వారంలో ఎలా అవుతుంది?"

న్యాయమే. నేను మళ్ళీ అడగలేదు.

నిన్న జాతర. ఎప్పటిలాగే నేను జాబితా, పెన్సిలు పట్టుకుని గరగ వెనక నడిచాను. ఎండ తీవ్రంగా ఉంది. ఇరవై రెండు దగ్గర టిక్కు పెట్టాను. వరహాలు గేటు తెరిచి ఉంది. తాతాజీ అడుగు తగ్గించాడు, అలవాటు. తరువాత ఆగాడు. డప్పులు ఆగలేదు. వరహాలు చెంబు వంచి అతని కాళ్ళ మీద నీళ్ళు పోసింది. కలశం వంక చూడలేదు, కళ్ళు మూసుకుని తన ప్రార్థనేదో తాను చేసుకుంది. తాతాజీ గరగని రెండుసార్లు తిప్పి ముందుకి నడిచాడు. అంతా రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

చెంబులో కొంచెం మిగిలింది. "నువ్వూ పొద్దున్నుంచి నడుస్తున్నావు కదా" అని నా కాళ్ళ మీద పోసేసింది. కుండలో నీళ్ళు, బాగా చల్లగా ఉన్నాయి. మోకాలికి మంచిది కాదు. వద్దనలేదు. ఇరవై మూడు దగ్గర టిక్కు పెట్టడం మరిచిపోయి, ఇంటికి వచ్చాక పెట్టాను.

దుర్గ సంగతి నువ్వే ఆవిడకి ఫోన్ చేసి అడుగు. అది నేను అడిగిపెట్టేది కాదు. ఆవిడ సరే అంటేనే కూతురు నీ కథలో ఉంటుంది, లేకపోతే తీసేయి.

ఇక తొమ్మిదో అధ్యాయం. దిద్ది ఈ ఉత్తరంతోనే పంపుతున్నాను. అచ్చుకి ఇవ్వు. మార్పులు మూడు.

నీ కథలో అమ్మవారికి కోపం వచ్చి మంగ ఇల్లు దాటిపోయింది. అది తప్పు. అమ్మవారికి చదవడం రాదు, ఆవిడని ఎక్కడికి తీసుకెళ్తే అక్కడికి వెళ్తుంది. జాబితా రాసినది మనిషి. అమ్మవారి మీద పెట్టిన తప్పు తీసి ఆ మనిషి మీద పెట్టు. కరణం భార్య అని పెడతావో, తోటికోడలు అని పెడతావో నీ ఇష్టం. నా పేరు పెట్టినా నేను అడ్డు చెప్పను.

రెండోది, మంగ చివరికి ఆ సంగతి తెలుసుకోవాలి. ఆలస్యంగానైనా సరే. తెలియకుండా పుస్తకం ముగిస్తే పాఠకులు నిన్ను క్షమించవచ్చు, నేను క్షమించను.

మూడోది లెక్క. ఇరవై మూడో ఇల్లు కూడా పోయిందని అమ్మవారి ఎత్తు ఎనభై ఐదు అంగుళాలకి దించావు. మంగ చేత కూడా నీళ్ళు పోయించు. ఆ ఇల్లు అమ్మవారిది కాదు, నిజమే. అలాగని పూర్తిగా పోనూ లేదు. ఎనభై ఐదున్నర అని దిద్దాను.

నీ దగ్గర ఉంచుకునే ప్రతికి అంటించుకోవడానికి జాబితా ముక్క ఒకటి రాసి పంపుతున్నాను. దీని నకలు నా దగ్గర ఉంది, వచ్చే ఏడు అది చూసే రాస్తాను.

22. అప్పలస్వామి
23. వరహాలమ్మ. నీళ్ళు మాత్రం.
24. లక్ష్మీతులసి

మామ్మ